దోర్నాల సెంటర్లో ఉగ్గాని: గేటు తీశాక తినండి

శ్రీశైలం కిరాయిలు తోలే మాకు దోర్నాల అంటే ముందు గుర్తొచ్చేది ఫారెస్టు గేటు. పులుల అడవి కాబట్టి రాత్రి 9కి ఘాట్ రోడ్డు మూస్తే మళ్లీ ఉదయం 6కే వదులుతారు. ఆలస్యమైన బండ్లన్నీ ఊళ్లోనే పడుండాలి. సెంటర్లో చాలా కొట్లు బతికేది ఆ పడిగాపుల మీదే. నేను చెప్పే టిఫిన్ హోటలూ అలాంటిదే. బోర్డు లేదు, రేకుల పందిరి, మార్కాపురం రోడ్డు వైపు.

ఇక్కడ తినాల్సింది ఉగ్గాని. గుంటూరు నుంచి తీసుకొచ్చే ప్యాసింజర్లు "ఇది రాయలసీమ టిఫిన్ కదా, ఇక్కడెందుకుంది?" అంటారు. 1970లో ప్రకాశం జిల్లా పెట్టేదాకా మార్కాపురం వైపంతా కర్నూలు జిల్లానే. ఆత్మకూరు మీదుగా కర్నూలు పోయే రోడ్డు ఇప్పటికీ ఈ సెంటర్ నుంచే. జిల్లా మారిందని తిండి మారుతుందా? బొరుగులు తడిపి గట్టిగా పిండి, తాలింపులో కలిపి, పైన పప్పుల పొడి చల్లుతారు. మెత్తగా ఉంటుంది, ముద్ద కాదు. పక్కన మిరపకాయ బజ్జీ. ఇడ్లీ, అల్లం చట్నీ కూడా ఉన్నాయి గానీ, వాటి కోసం ఇక్కడ ఆగక్కర్లేదు.

తెల్లారుజామున 5 దాటిందంటే మాత్రం టెన్షన్ మొదలు. గేటు తీసేలోపు అందరికీ పార్సిల్ కావాలి. ఆ హడావుడిలో బజ్జీ పైన ఎర్రగా, లోపల పిండి పచ్చిగా వస్తుంది. చిల్లర కూడా సరిగ్గా తిరిగి రాదు. హోటల్ నడిపే పెద్దమ్మతో అంటే, "అందరూ ఒక్కసారే మీద పడితే నేనేం చేసేది నాయనా, బండ్లు పోయినాక రా" అంది. ఆమె మాటే నిజం. ఆరున్నరకు ఊరు ఖాళీ. వాయి వాయికీ నూనె బాగా కాగనిచ్చి వేస్తుంది, అడక్కుండానే ఇంకో గరిటె ఉగ్గాని పెడుతుంది. ముందున్న బండ్లన్నీ ఘాటెక్కేసి ఉంటాయి, మీకు రోడ్డూ ఖాళీగా దొరుకుతుంది.

ఆ టైములో ఊరివాళ్లు వచ్చి కూర్చుంటారు. మాటలెక్కడ మొదలైనా వెలిగొండ ప్రాజెక్టు దగ్గరే తేలతాయి. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీళ్లు తెచ్చేందుకు తవ్విన ఆ సొరంగాలు, ఒక్కోటి దాదాపు 19 కిలోమీటర్లు, కొండ దాటి బయటపడేది ఈ మండలంలోనే. ఈ వైపంతా బోరు నీళ్లకు ఫ్లోరైడ్ బెడద కాబట్టి ఆ మాటల్లో వేడి ఉంటుంది. హోటల్లో పెట్టేది క్యాన్ నీళ్లే, భయం లేదు. టీ మాత్రం పంచదార పానకం, తగ్గించమని ముందే చెప్పండి.

బాత్రూం లేదు, ఆడవాళ్లున్న బండి అయితే బస్టాండు వైపు ఆపుకోవాలి. శివరాత్రి రోజుల్లో అసలు ఆగొద్దు, ప్లేటు అందదు. ఘాట్లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి, ఇంటికి చేయాల్సిన ఫోన్లు ఇక్కడే చేసేసుకోండి.