ఫైనల్ నాటికి కళాశాల కోచ్‌లు వెళ్లిపోయారు: మేరీల్యాండ్‌లోని ఒక సాకర్ షోకేస్‌పై సమీక్ష

గత వసంతంలో, అప్పటికి పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి జట్టుతో కలిసి, న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి మూడున్నర గంటలు కారులో ప్రయాణించి మేరీల్యాండ్‌లో జరిగిన ఒక బాలికల సాకర్ షోకేస్‌కు వెళ్లాము. కళాశాల జట్లకు ఆటగాళ్లను ఎంపిక చేసుకునే కోచ్‌లు ఒకేచోట వందల మంది పిల్లల ఆట చూసేందుకు వీలుగా ఏర్పాటు చేసే టోర్నమెంటును ఇక్కడ షోకేస్ అంటారు. మేము వెళ్లిన పోటీలో కోచ్‌ల సందర్శనతో పాటు గ్రూపు పాయింట్లు, ఫైనల్, పతకాలు కూడా ఉన్నాయి. ఈ రెండింటినీ ఒకే వారాంతంలో ఇమడ్చబోయి నిర్వాహకులు ఎక్కడ తడబడ్డారో, పిల్లల్ని ఇలాంటి పోటీలకు పంపాలనుకునే తెలుగు తల్లిదండ్రులకు చెప్పాలన్న ఉద్దేశంతోనే ఇది రాస్తున్నాను.

ముందుగా మెచ్చుకోదగినవి చెబుతాను. మైదానాలు చదునుగా, గీతలు స్పష్టంగా ఉన్నాయి. రిఫరీలు వేళకు వచ్చారు. ప్రతి మైదానం దగ్గరా, గాయాలైతే చూసే అథ్లెటిక్ ట్రైనర్ ఉన్నారు. హోటల్ సంగతి మాత్రం చికాకు పుట్టించింది. వారు సూచించిన ఏజెన్సీ ద్వారానే గదులు తీసుకోవాలన్న షరతు వల్ల, అదే హోటల్లో విడిగా దొరికే ధర కంటే రాత్రికి నలభై డాలర్లు ఎక్కువ చెల్లించాము. ఇది ఇక్కడి టోర్నమెంట్లలో మామూలే కనుక దీని గురించి ఇంతకు మించి రాయను.

శనివారం ఉదయం ఎనిమిది గంటల మ్యాచ్ మూడో నంబరు మైదానంలో జరిగింది. తల్లిదండ్రులమంతా ఒక వైపు నిలబడితే, ఎదుటి వైపు మంచుకు తడిసిన గడ్డి మీద మడత కుర్చీలు వేసుకుని తొమ్మిది మంది కోచ్‌లు కూర్చున్నారు. ఒక్కొక్కరి చొక్కా మీద ఒక్కో కళాశాల పేరు, ఒడిలో ఆటగాళ్ల నంబర్లున్న ముద్రిత జాబితా. వారిలో ఒకావిడ ఇరవై నిమిషాల పాటు మా జట్టు లెఫ్ట్‌బ్యాక్‌ను (రక్షణ వరుసలో ఎడమ వైపు ఆడే అమ్మాయిని) తప్ప మరెవరినీ చూడకుండా, ఏదో రాసుకుని, కుర్చీ మడిచి పక్క మైదానానికి వెళ్లిపోయారు. ఆ లెఫ్ట్‌బ్యాక్ తన నంబరు, మ్యాచ్ వేళ, హైస్కూల్ పూర్తిచేసే సంవత్సరం తెలుపుతూ వారం ముందే ఆవిడకు ఈమెయిల్ రాసిందని తర్వాత తెలిసింది. కోచ్‌లు మైదానాల వెంట తిరుగుతూ ప్రతిభను వెతుకుతారని నేను అనుకునేవాణ్ని. వచ్చినవారిలో చాలామంది తాము చూడవలసిన పేర్లు ముందే గుర్తు పెట్టుకుని వచ్చారు.

ఆ మ్యాచ్‌లో మా వాళ్లు 3-2 తేడాతో ఓడిపోయారు. అయినా మా అమ్మాయి ఆ వారాంతంలో ఆడిన అన్ని ఆటల్లోకీ అదే మేలైనది, ఎందుకంటే వెనుకబడిన జట్టుకు మిడ్‌ఫీల్డ్ నుంచి బంతిని నేర్పుగా ముందుకు చేర్చడం తప్ప వేరే దారి లేదు. సాయంత్రం రెండో మ్యాచ్‌లో ఒక గోల్ ఆధిక్యం దొరకగానే మా క్లబ్ కోచ్ ఆమెను రక్షణ వరుసలోకి దించి, బంతి దొరికితే చాలు దూరంగా తన్నేయమన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను, ఆ గెలుపు లేకపోతే ఫైనల్ లేదు. కానీ ఆ చివరి అరగంటలో ఆమె బంతిని తాకింది నాలుగుసార్లే, తాకిన ప్రతిసారీ గాలిలోకి తన్నడమే. ఎవరైనా చూసి ఉంటే ఆమె గురించి ఏం రాసుకుని ఉండేవారో తలచుకుంటే నాకు నవ్వు, దిగులు రెండూ కలిగాయి.

ఆ మ్యాచ్‌ను నిజానికి ఎవరూ చూడలేదు. అది ప్రధాన ప్రాంగణానికి ఐదు మైళ్ల దూరంలోని ఒక పాఠశాల మైదానంలో జరిగింది. మా జట్టు రెండో శ్రేణిలో ఉండడం వల్ల మాకు ఆ మైదానం కేటాయించారు. శ్రేణులను నిర్ణయించేది గత సీజన్ ఫలితాలు, ర్యాంకింగులు. అందుచేత గెలుపుతో పని లేదని, నలుగురి కంట పడితే చాలని చెప్పేవారి మాట సగమే నిజం. గెలిచే జట్లకే కార్ పార్కింగ్ పక్కన ఉన్న మైదానాలు దొరుకుతాయి, కోచ్‌లు నడిచి వెళ్లగలిగేవీ అవే.

ఆదివారం ఉదయం మూడో మ్యాచ్ గెలిచి, ఆరు పాయింట్లతో ఫైనల్ చేరాము. ఫైనల్‌ను మధ్యాహ్నం రెండున్నరకు కృత్రిమ గడ్డి ఉన్న ప్రధాన మైదానంలో, లౌడ్‌స్పీకర్‌లో ఆటగాళ్ల పేర్లు చదువుతూ ఘనంగా నిర్వహించారు. కోచ్‌ల కోసం వేసిన గుడారంలో ఆ సమయానికి ఉన్నవి ఖాళీ కుర్చీలు, కరిగిన ఐస్‌లో తేలుతున్న రెండు నీళ్ల సీసాలు. సోమవారం తమ సొంత శిక్షణలు ఉన్న కోచ్‌లు ఆదివారం మధ్యాహ్నానికే బయలుదేరతారని నిర్వాహకులకు తెలియదనుకోలేను. ఈసీఎన్‌ఎల్ వంటి జాతీయ యువ సాకర్ లీగులు తమ షోకేస్‌లలో ఫైనల్ అన్నదే లేకుండా, ఒక్కో జట్టుకు నిర్ణీత మ్యాచ్‌లు ఆడించి పంపుతాయి. ఆ పద్ధతి నాకు ఇప్పుడు అర్థమవుతోంది. వెబ్‌సైట్‌లో ఘనంగా ప్రకటించిన కళాశాలల పట్టిక సంగతీ ఇంతే. అది వస్తామని నమోదు చేసుకున్నవారి జాబితా, వచ్చినవారి జాబితా కాదు.

మనవాళ్లు ఆశలు పెట్టుకునే విషయంలో ఒక మాట. సాకర్‌తో కళాశాల చదువు మొత్తం ఉచితమవుతుందని మా వాట్సాప్ బృందంలో నమ్మేవారు చాలామంది. కళాశాల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ సంఘంలో పై శ్రేణి అయిన డివిజన్ వన్‌లో 2024-25 వరకు ఒక మహిళల జట్టుకు 14, పురుషుల జట్టుకు 9.9 పూర్తి స్కాలర్‌షిప్‌లకు సమానమైన మొత్తానికి మించి ఉండేది కాదు, దాన్ని కూడా పాతిక మందికి పైగా పంచేవారు. క్రీడాకారులు ఎన్‌సీఏఏపై వేసిన దావాలో 2025లో న్యాయస్థానం ఆమోదించిన రాజీ ఒప్పందంతో, అందులో చేరిన కళాశాలలకు ఆ పరిమితి పోయి, జట్టులో 28 మందికి మించకూడదన్న నియమం వచ్చింది. మూడో శ్రేణి అయిన డివిజన్ త్రీలోను, హార్వర్డ్ వంటి విశ్వవిద్యాలయాలున్న ఐవీ లీగ్‌లోను ఆట పేరిట స్కాలర్‌షిప్ అసలు లేదు.

ఈ టోర్నమెంటుకు నేను ఐదింటికి మూడు మార్కులు ఇస్తాను. వెళ్లదలచినవారు డబ్బు కట్టే ముందు తమ జట్టును ఏ శ్రేణిలో, ఏ ప్రాంగణంలో ఆడిస్తారో రాతపూర్వకంగా అడగాలి. పిల్లలు కోచ్‌లకు రాసే ఈమెయిళ్లలో మొదటి రోజు మ్యాచ్‌ల వివరాలు తప్పక ఉండాలి. రాసినదానికి జవాబు రాకపోతే వెంటనే నిరాశపడనక్కరలేదు. డివిజన్ వన్ సాకర్ కోచ్‌లు పదో తరగతి పూర్తయిన ఏడాది జూన్ 15 వరకు విద్యార్థులకు ఎంపిక గురించి నేరుగా రాయకూడదు. డివిజన్ త్రీ వారికి ఆ తేదీతో నిమిత్తం లేదు.

మా అమ్మాయికి జూన్ 15 ఉదయం రెండు ఈమెయిళ్లు వచ్చాయి. ఒకటి మూడు వందల డాలర్ల వేసవి శిబిరానికి ఆహ్వానం. రెండో దానిలో ఒక కోచ్, మూడో నంబరు మైదానంలో ఓడిపోయిన శనివారం మ్యాచ్‌లో ఆమె బంతిని మలుపు తిప్పిన ఒక సందర్భాన్ని ప్రస్తావించి, ఆగస్టులో తల్లిదండ్రులతో కలిసి తమ కళాశాల చూడడానికి రమ్మని రాశారు.