హెలికాప్టర్ పైలట్ శిక్షణకు అడ్వాన్సు కట్టబోయే తల్లిదండ్రులకు హెచ్చరిక: మూడున్నర లక్షలు పోగొట్టుకుని రాస్తున్నాను

నిన్న రాత్రి హైదరాబాద్ నుంచి ఆఖరి బస్సుకు నల్లగొండ చేరుకున్నాను. నిద్ర పట్టలేదు కాబట్టి తెల్లవారకముందే ఇది రాస్తున్నాను. ఏ కన్సల్టెన్సీ గురించి రాస్తున్నానో మన జిల్లావారికి విడమరచి చెప్పనవసరం లేదు. క్లాక్‌టవర్ సెంటర్‌లో ఆ ఫ్లెక్సీ చూసినవారికి, ఫంక్షన్ హాలులో సెమినార్ పెట్టి సమోసా, చాయ్ ఇచ్చి పంపినప్పుడు నాతోపాటు కూర్చున్నవారికి ఇప్పటికే అర్థమై ఉంటుంది.

నేను ఆర్టీసీ డిపో గ్యారేజీలో 31 ఏళ్లు మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాను. చిన్నబిడ్డ బీటెక్ పూర్తిచేసి హెలికాప్టర్ పైలట్ అవుతానన్నది. అమెరికాలో శిక్షణ, మొత్తం 48 లక్షలు, బ్యాంకు రుణం వాళ్లే ఇప్పిస్తారు, సీటు ఖాయం కావాలంటే మూడున్నర లక్షలు ముందు కట్టాలి అన్నారు. గ్రాట్యుటీ డబ్బులోంచి తీసి కట్టాను. ఇంతవరకు ఇది అందరి కథే.

కట్టేముందు మా ఇంటావిడ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. 2022 ఫిబ్రవరి 26న మన పెద్దవూర మండలం తుంగతుర్తి పొలాల్లో శిక్షణ విమానం కూలి ఒక ఆడపిల్ల చనిపోయిన సంగతి ఆమె మరిచిపోలేదు. టీవీలో మొదట హెలికాప్టర్ కూలిందనే చెప్పారు. తరవాతగాని అది సెస్నా 152 అనే చిన్న విమానమని తెలియలేదు. సెమినార్‌లో మాట్లాడిన పెద్దమనిషి ఆ తేడానే పట్టుకున్నాడు. “అది విమానం అమ్మా, ఇంజిన్ ఆగితే దిగడానికి పొడవైన జాగా కావాలి. హెలికాప్టర్‌కు ఆ బాధ లేదు. రెక్కలు గాలికి తిరుగుతూ మెల్లగా కిందికి దించుతాయి. మేము పంపే స్కూలులో ఇంతవరకు ఒక్క ప్రమాదం కూడా జరగలేదు” అన్నాడు. ఇంటావిడ నా వైపు చూసింది. నేను తల ఊపాను. నా జన్మలో అంత తేలిగ్గా తల ఊపిన రోజు మరొకటి లేదు.

అతను చెప్పినదానిలో సగం నిజమే. ఇంజిన్ ఆగినా కిందినుంచి వచ్చే గాలితో రెక్కలు తిరుగుతాయి. దానిని ఆటోరొటేషన్ అంటారు. చెప్పని సగాన్ని డబ్బు కట్టిన తరవాత నేను, నా బిడ్డ కూర్చుని చదువుకున్నాము. ఆ స్కూలులో నేర్పేది ఆర్22 అనే రెండు సీట్ల హెలికాప్టర్ మీద. ఫ్రాంక్ రాబిన్సన్ దానిని సొంతంగా నడుపుకునేవారి కోసం రూపొందించాడు. 1979లో అనుమతి వచ్చింది. చవక కావడంతో శిక్షణ స్కూళ్లు ఎగబడి కొన్నాయి. దాని రెక్కలు రెండే, అవీ తేలికైనవి. మెకానిక్‌లకు నేను ఒక్క మాటలో చెప్పగలను: బరువైన ఫ్లైవీల్ ఇంజిన్ ఆపినా కాసేపు తిరుగుతుంది, తేలికైనది వెంటనే చల్లబడుతుంది. ఆర్22లో ఇంజిన్ ఆగితే ఒకటి రెండు సెకన్లలోపే ఎడమచేతి కిందనున్న కలెక్టివ్ అనే కర్రను కిందికి దించి తీరాలి. రెక్కల వేగం 97 శాతానికి పడగానే హారన్ మోగుతుంది. అది విని, అర్థమై, చేయి కదిలేలోగా వేగం మరీ పడిపోతే రెక్కలు గాలిని పట్టడం మానేస్తాయి. ఆ తరవాత చేయగలిగినది ఏమీ లేదు.

రెండోది ఇంకా భయంకరమైనది. ముక్కును ఒక్కసారిగా కిందికి దించినప్పుడు మనిషి సీటులోంచి తేలినట్టయ్యే క్షణం ఒకటి ఉంటుంది. బస్సు గుంతలో పడి లేచినప్పుడు వెనకసీటువాళ్లకు కలిగే అనుభవం అది. అప్పుడు పై రెక్కల మీద బరువు పోతుంది, తోక రోటర్ తోపుకు హెలికాప్టర్ కుడివైపుకు ఒరుగుతుంది. ఒరిగితే ఎవరి చేయి అయినా, కుడిచేతితో పట్టుకునే సైక్లిక్ అనే మరో కర్రను ఎడమకే తిప్పుతుంది. ఆ పని చేస్తే రెక్కలను మోసే తలభాగం నిలువు కడ్డీకి కొట్టుకుని, కడ్డీ విరిగి, రెక్క వచ్చి క్యాబిన్‌నే నరుకుతుంది. మాస్ట్ బంపింగ్ అంటే ఇదే. ముందుగా కర్రను మెల్లగా వెనక్కి తెచ్చి, రెక్కల మీద మళ్లీ బరువు పడనిచ్చి, ఆ తరవాతే ఒరుగును సరిచేయాలి. అంటే ఈ యంత్రం విషయంలో సహజంగా తోచేది కాకుండా, నేర్పినదే చేతికి రావాలి.

ఇది నేను కనిపెట్టిన రహస్యం కాదు. ఇటువంటి ప్రమాదాలు వరుసగా జరగడం వల్లనే అమెరికా ప్రభుత్వం 1995లో ఈ హెలికాప్టర్ల కోసం ప్రత్యేక నిబంధన తెచ్చింది. శిక్షకుడు పక్కన ఉండగా 20 గంటలు నడపనిదే విద్యార్థిని ఆర్22లో ఒంటరిగా పంపకూడదన్నది. ప్రమాదాలను దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ 1996లో దీని మీద ప్రత్యేక నివేదికే ఇచ్చింది. న్యూజిలాండ్ దర్యాప్తు సంఘం 2016లో రాబిన్సన్ కంపెనీ హెలికాప్టర్ల మాస్ట్ బంపింగ్‌ను తన నిఘా జాబితాలో పెట్టింది. న్యాయంగా మరో మాట కూడా చెప్పాలి: ఆ నిబంధన వచ్చాక అమెరికాలో అటువంటి ప్రమాదాలు బాగా తగ్గాయి, సరైన చేతిలో నేర్చుకుని వేలమంది పైలట్లయ్యారు. నా గొడవ హెలికాప్టర్‌తో కాదు.

నా గొడవ ఎక్కడ మొదలైందంటే, నా బిడ్డ అదే స్కూలులో చదువుతున్న ఒక విద్యార్థి ద్వారా అక్కడి హెలికాప్టర్ల రిజిస్ట్రేషన్ నంబర్లు తెప్పించింది. ఎన్‌టీఎస్‌బీ రికార్డులు ఎవరైనా పైసా ఖర్చు లేకుండా వెతకవచ్చు. రెండో నంబరు కొట్టగానే బయటపడింది. ఆటోరొటేషన్ సాధన చేస్తుండగా గట్టిగా నేలకు తగిలి, రెక్క వెనక్కి వంగి తోకను కోసి, హెలికాప్టర్ పక్కకు దొర్లింది. మనుషులకు పెద్ద గాయాలు కాలేదు. బాగుచేసి మళ్లీ ఎగరేస్తున్నారు. “నాయినా, ఒక్కటి కూడా లేదన్నాడు కదా” అన్నది. నేను జవాబు చెప్పలేదు. దెబ్బతిన్న బస్సును బాగుచేసి రోడ్డెక్కించడం తప్పు కాదు, నా జీవితమంతా చేసింది అదే పని. కానీ మా గ్యారేజీలో ఏ బస్సుకు ఎప్పుడు ఏం జరిగిందో రాసిన పుస్తకాన్ని డ్రైవర్ అడిగితే దాచిన సూపర్‌వైజర్‌ను నేను చూడలేదు.

నిన్న ఆ కాగితాలు ప్రింటు తీసుకుని ఆఫీసుకు వెళ్లాను. అదే పెద్దమనిషి. ఎదుట మరో ఇద్దరు తండ్రులు తమ పిల్లలతో కూర్చుని ఉన్నారు. ఒకాయనది పాలమూరు అని మాటల్లో తెలిసింది. నేను మర్యాదగా మూడే ప్రశ్నలు అడిగాను. ఆ ప్రమాదం సంగతి ఎందుకు చెప్పలేదు? ఈ యంత్రాన్ని 2200 గంటలకో 12 ఏళ్లకో, ఏది ముందైతే అప్పుడు, పూర్తిగా విప్పి ఓవర్‌హాల్ చేయాలి కదా, చివరిసారి ఎప్పుడు చేశారు? చివరి పది గంటలు నాలుగు సీట్ల ఆర్44లో నేర్పుతామన్నారు, దాని ట్యాంకులకు బ్లాడర్లు వేశారా?

మూడో ప్రశ్న ఎందుకంటే, పాత ఆర్44లలో గట్టి అల్యూమినియం ట్యాంకులు ఉండేవి. బతికి బయటపడదగిన ప్రమాదాల్లో కూడా అవి పగిలి, మంటలు లేచి మనుషులు కాలిపోయారు. వాటిని కూడా తయారుచేసే రాబిన్సన్ కంపెనీయే 2010లో లోపల రబ్బరు సంచి వంటి బ్లాడర్లు వేసుకోమని బులెటిన్ ఇచ్చింది. ఆస్ట్రేలియా 2013లో దానిని తప్పనిసరి చేసింది.

దానికి అతని జవాబు అక్షరాలా రాస్తున్నాను: “బ్లాడర్ ప్రాబ్లం ఏమన్నా ఉంటే మెడికల్ టెస్టులో తేలిపోతుంది అంకుల్, మీరు టెన్షన్ పడకండి.”

నేను మొదట ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. కాదు, నిజంగానే అతనికి తెలియదు. 48 లక్షల శిక్షణ అమ్మే మనిషికి తాను అమ్మే యంత్రంలో పెట్రోలు దేనిలో పోస్తారో తెలియదు. నేను ట్యాంకు గురించి వివరించబోతే అతని ముఖం మారింది. కాగితాలు చూడనైనా చూడకుండా నా వైపుకు తోసి, ఆ ఇద్దరు తండ్రులు వినేలా అన్నాడు: “అంకుల్, పైలట్ కావాలన్నది మీ అమ్మాయా, మెకానిక్ కావాలన్నది మీరా? ఇది పల్లెవెలుగు బస్సు కాదు, బోల్టులు లెక్కపెట్టడానికి. చావుకు భయపడేవాళ్లు ఈ లైనులోకి రావద్దు.” పిల్లల్లో ఒకడు నవ్వాడు. పాలమూరు ఆయన మాత్రం నవ్వకుండా, నేను తీసుకోబోతున్న కాగితాలలో పై కాగితాన్ని వంగి చదవడం నేను చూశాను.

డబ్బు తిరిగి ఇవ్వమన్నాను. నా సంతకమున్న అగ్రిమెంటులో నాలుగో పేజీ తీసి చూపించాడు. చీమ తలంత అక్షరాల్లో తిరిగి చెల్లించబడదని ఉంది. రసీదులోనైతే శిక్షణ అన్న మాటే లేదు, “కౌన్సెలింగ్ మరియు డాక్యుమెంటేషన్ ఫీజు” అని ఉంది. మూడున్నర లక్షల కౌన్సెలింగ్ బాగానే జరిగింది. నాకు జ్ఞానం వచ్చింది కదా. 31 ఏళ్లలో ఒక్క స్పేర్‌పార్టునైనా బిల్లు చదవకుండా తీసుకోని మనిషిని, సొంత బిడ్డ విషయంలో నాలుగో పేజీ తిప్పలేదు. ఇంటావిడ ఒక్క మాట కూడా అనలేదు, అన్నా బాగుండేది.

కట్టని వారు ఉంటే హెలికాప్టర్ల రిజిస్ట్రేషన్ నంబర్లు రాతపూర్వకంగా అడగండి, ఇవ్వకపోతే లేచి వచ్చేయండి. ఆర్22 ఒక్కటే దారి కాదు; మూడు రెక్కల ష్వైజర్ 300, కాబ్రీ జీ2 మీద నేర్పే స్కూళ్లు కూడా ఉన్నాయి, వాటిలో మాస్ట్ బంపింగ్ బెడద లేదు, అయితే ఖర్చు తేడా ఉండవచ్చు, వాటికీ వాటి జాగ్రత్తలు వాటికున్నాయి. స్కూలుతో నేరుగా మాట్లాడి, డబ్బు కూడా నేరుగా స్కూలుకే కట్టండి.

నేను జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాను. 2019 చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షలలోపు ఉంటే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. ఆ రోజు ఫంక్షన్ హాలులో “ఒక్క ప్రమాదం కూడా జరగలేదు” అన్న మాటను ఫోనులో వీడియో తీసినవారు ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఆ వీడియో చెరిపేయకుండా ఉంచి నాకు పంపగలరా? మీరు కూడా కట్టినవారైతే మీ రసీదు మీద ఏ ఫీజు అని రాశారో ఈ రోజే తీసి చూసుకోండి.