ఎకరం లెక్క మేలా, కుటుంబం లెక్క మేలా? రైతుభరోసా, అన్నదాత సుఖీభవ పక్కపక్కన

మాది మధిర వైపు, మా మావయ్య వాళ్ళది బోర్డర్ దాటాక వత్సవాయి వైపు. నేల అదే, పత్తీ మిర్చీ అవే, పురుగు కూడా అదే. రైతుకి ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి డబ్బులు పడే లెక్క మాత్రం వేరు, అందుకే పండక్కి కలిసినప్పుడల్లా మా ఇద్దరికీ ఇదే గోల.

ఇటు తెలంగాణలో 2018 మేలో రైతుబంధు మొదలైనప్పుడు సీజన్‌కి ఎకరానికి 4,000, తర్వాత 5,000 చేశారు, 2025 జనవరి 26 నుంచి రైతుభరోసా పేరుతో 6,000, అంటే ఏడాదికి ఎకరానికి 12,000. దీనిమీద కేంద్రమిచ్చే పీఎం కిసాన్ ఏడాదికి 6,000 విడిగా, అది కుటుంబానికి. అటు ఏపీలో 2025 ఆగస్టు 2న అన్నదాత సుఖీభవ మొదలైంది, దానికి ఎకరాలతో పనిలేదు, కుటుంబానికి ఏడాదికి 20,000, పీఎం కిసాన్ 6,000 కూడా అందులోనే కలిపి.

నాకు మూడెకరాల పది గుంటలుంది (నలభై గుంటలైతే ఎకరం), 39,000కి ఆ 6,000 కలిపితే 45,000. మావయ్యకీ ఇంచుమించు అంతే పొలం, ఆయనకి 20,000. "మీ పనే బాగుందిరా అల్లుడూ" అంటాడు. బానే ఉంది గానీ మా పెదనాన్న కొడుక్కి పంపకాల్లో వచ్చింది అరెకరం, వాడికిక్కడ అన్నీ కలిపి 12,000, అదే బోర్డర్ అవతలైతే 20,000. లెక్కేస్తే ఎకరం ఆరేడు గుంటల దగ్గర రెండూ సమానం, అంతకన్నా తక్కువుంటే ఏపీ లెక్క మేలు, ఎక్కువుంటే మా లెక్క. పదెకరాలోడికి మా దగ్గర 1,26,000, మరి వాడికేనా అంత అవసరం అంటే నా దగ్గర జవాబు లేదు.

ఇంకోటి, ఎప్పుడు పడతాయన్నది. మాకు సీజన్ మొదట్లో ఒకేసారి పడాలి, విత్తనాలకీ దుక్కికీ పనికొస్తాయి. వాళ్ళకి ఏడాదిలో మూడు ముక్కలు, 7,000, 7,000, 6,000. ముక్కల సంగతి పీఎం కిసాన్ చూస్తేనే తెలుస్తుంది: 2,000 పడ్డ రోజు కొట్టుకెళ్ళి ఓ డీఏపీ కట్ట 1,350, రెండు యూరియా కట్టలు 533 పెట్టి తెచ్చుకుంటే చేతిలో మిగిలేది 117, ఆటో కిరాయికి కూడా చాలదు. కాకపోతే అది టైముకి పడుతుంది, అది మాత్రం ఒప్పుకోవాలి. మాకు 2024 వానాకాలంవి అసలు పడనేలేదు, ఆ ఏడాది ఏపీ వాళ్ళకీ రాష్ట్రం వాటా రాలేదు, ఆ విషయంలో ఇద్దరం సమానమే😄

నన్నడిగితే ఎకరం లెక్కే ఉంచి ఐదెకరాల దగ్గర ఆపేయాలి, అరెకరం వాళ్ళకి కనీసం ఇంత అని ఒకటి పెట్టాలి. దీనికి మావయ్య కూడా సరే అన్నాడు, ఆశ్చర్యం!

ఇద్దరం తేల్చుకోలేనిది కౌలు సంగతి. మా పక్క చేను ఓనర్ హైదరాబాద్‌లో ఉంటాడు, పాస్‌బుక్ ఆయనది కాబట్టి డబ్బులూ ఆయనకే, నీళ్ళు కట్టేదీ మందు కొట్టేదీ కౌలుదారు, డబ్బులు పడ్డాయని టింగుమని మోగేది మాత్రం ఆ ఓనర్ ఫోను. డబ్బులొస్తున్నాయి కదా అని కౌలేమన్నా తగ్గించాడా అంటే రూపాయి తగ్గలేదు. ఏపీలో కౌలు కార్డుంటే కౌలుదారుకీ ఇస్తారు, కాగితం మీద ఇది కచ్చితంగా మా దానికన్నా మేలే. కానీ అక్కడి 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఆ 11 నెలల కార్డు రావాలంటే ఓనర్ సంతకం కావాలి.

మావయ్య ఓ ఎకరం కౌలుకిచ్చాడు. సంతకం పెట్టావా అనడిగితే, "రేపు పొలం నాదేనని కూర్చుంటే ఎవడు లేపుతాడ్రా" అని కండువా దులుపుకుని లేచెళ్ళిపోయాడు.