అంకీసా దారిలోని పశువుల ఎరువు కుప్పలు: తొమ్మిది వేసవులు కొన్న తర్వాత

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ నుంచి అంకీసా వైపు వెళ్తుంటే దారి పక్కన చింతచెట్ల నీడలో నల్లటి ఎరువు కుప్పలు కనిపిస్తాయి. బోర్డు లేదు, కొట్టు లేదు. ఒక రేకుల పాక, ఒక ట్రాక్టరు, నలుగురు కూలీలు, అంతే. చుట్టుపక్కల ఊళ్లలో పశువుల కొట్టాల నుంచి, మందల దొడ్ల నుంచి పెంట కొని తెచ్చి, మాగబెట్టి, ట్రాలీల లెక్కన అమ్ముతారు. డ్రైవర్లు మరాఠీలో శేణ్‌ఖత్ అంటారు, మేము పశువుల ఎరువు అంటాము. జిల్లా పరిషత్ బడిలో సైన్సు చెప్పి రిటైరైన తర్వాత నా పేరు మీదున్న నాలుగెకరాల నల్లరేగడి నేనే చూసుకుంటున్నాను. మిరప, పత్తి వేస్తాను. 2016 వేసవి నుంచి ఒక్క ఏడాది మినహా ఎరువు అక్కడే కొంటున్నాను.

ఇన్నేళ్లు ఆగి ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. యూరియా వేస్తే వారం పది రోజుల్లో ఆకు రంగు మారుతుంది, మంచిదో కాదో అప్పుడే చెప్పవచ్చు. పశువుల ఎరువు మంచిచెడ్డలు నాలుగైదు పంటలు గడిస్తే గాని తేలవు.

ముందు ధర సంగతి. మొదటి ఏడాది ట్రాలీ 1,800 రూపాయలు, ఇప్పుడు 3,400. ఒకసారి పట్టుబట్టి ట్రాలీని వేబ్రిడ్జి మీదకు ఎక్కించాను. ఎరువు 2,700 కిలోలు తూగింది. ఆ లోడు నుంచి కిలో ఎరువు ఇంటికి తెచ్చి, రేకు మీద పల్చగా పరిచి నాలుగు రోజులు ఎండబెడితే 540 గ్రాములు మిగిలింది. దాన్ని బకెట్ నీళ్లలో వేసి బాగా కలిపి చూశాను. అడుగున గుప్పెడు ఇసుక, మట్టి తేలింది. కొట్టంలో ఊడ్చినప్పుడు ఆ మాత్రం మట్టి రాక తప్పదు. కావాలని మట్టి కలిపిన ఎరువు ఎలా ఉంటుందో వేరేచోట చూశాను, బకెట్ అడుగున మూడు వేళ్ల మందాన పేరుకుంది. ఇక్కడ ఆ మోసం లేదు.

పుస్తకాల లెక్క ప్రకారం మన పశువుల ఎరువులో సుమారుగా నత్రజని అర శాతం, భాస్వరం 0.2 శాతం, పొటాష్ అర శాతం ఉంటాయి. అంటే ఈ ట్రాలీ మొత్తంలో నత్రజని పదమూడున్నర కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 20.7 కిలోలుంటుంది, ధర 266 రూపాయల 50 పైసలు. పైగా ఎరువులోని నత్రజని అంతా మొదటి ఏడాదే పంటకు అందదు. నత్రజని కోసమే కొనేవారికి ఈ ట్రాలీ శుద్ధ నష్టం. అమ్మేవారు ఈ మాట చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. నేను కొన్నది నత్రజని కోసం కాదు, నేల కోసం.

2016లో మా చేను వేసవి దుక్కి చేస్తే పెద్ద పెద్ద పెళ్లలు లేచేవి. వాటిని చేతితో నలపడం సాధ్యమయ్యేది కాదు, గొడ్డలి మడమతో కొట్టాల్సి వచ్చేది. మృగశిర వానకు సాళ్లలో నీళ్లు రెండు రోజులు నిలిచి, ఆ తర్వాత నేల పైన అట్ట కట్టేది. ఇప్పుడు అదే చేలో పెళ్లను అరచేతిలో పెట్టుకుని నొక్కితే రవ్వ రవ్వగా విడిపోతుంది. విరిగినచోట సన్నటి వేళ్లు, వేళ్ల చుట్టూ వానపాముల మట్టి గుళికలు కనిపిస్తాయి. సాయంత్రం పడిన వాన తెల్లారేసరికి ఇంకిపోతుంది. ఈ మార్పు మొదటి ఏడాది లేదు, రెండో ఏడాదీ లేదు. నాలుగో ఏడాదికి నాగలి పట్టినవాడే గమనించి చెప్పాడు.

కంటికి కనిపించింది సరిపోదని మూడుసార్లు భూసార పరీక్ష చేయించాను. నమూనా దాదాపు 200 కిలోమీటర్ల దూరంలోని గడ్చిరోలికి పంపాలి. నివేదిక మరాఠీలో వస్తుంది. అందులో స్ఫురద్ అంటే మన భాస్వరం, పాలాశ్ అంటే పొటాష్. ఈ రెండు మాటలూ అర్థం కాక నివేదికను గూట్లో పడేసిన తెలుగు రైతులు మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. నేలలో సేంద్రియ పదార్థం ఎంత ఉందో చెప్పే సేంద్రియ కర్బనం 2016లో 0.38 శాతం ఉండేది. అర శాతం లోపు ఉంటే తక్కువ కిందే లెక్క. 2020కి 0.43, నిరుడు 0.51. ఎకరానికి ఏటా రెండు ట్రాలీలు, అంటే అయిదు టన్నుల పైచిలుకు వేస్తే, పత్తి కట్టె తగలబెట్టకుండా ముక్కలు చేయించి దున్నేస్తే, ఇన్నేళ్లకు పెరిగింది ఇంత. మన ఎండలకు నేలలోని సేంద్రియ పదార్థం నిలవదు, ఏటా కొంత కరిగి గాలిలో కలిసిపోతుంది. ఒక్క వేసవిలో పది ట్రాలీలు దింపి నేల బాగుపడిందని చెప్పుకునేవారిని నేను నమ్మను.

అదే నివేదికలో నన్ను ఉలిక్కిపడేలా చేసిన అంకె ఇంకొకటి ఉంది. హెక్టారుకు అందుబాటులో ఉన్న భాస్వరం 14 కిలోల నుంచి 21కి, తర్వాత 37కి చేరింది. 25 దాటితే ఎక్కువ కిందికి వస్తుంది. తప్పు ఎరువుది కాదు, నాది. పశువుల ఎరువు వేస్తూనే, పాత అలవాటు ప్రకారం భాస్వరం ఎక్కువగా ఉండే రసాయన ఎరువు డీఏపీ కూడా ఎకరానికి రెండు బస్తాలు వేస్తూ వచ్చాను. పంటలు నత్రజని ఎక్కువ తీసుకుంటాయి, భాస్వరం తక్కువ తీసుకుంటాయి. ఎరువులోని నత్రజనిలో కొంత ఎండకు అమ్మోనియాగా పోతుంది, కొంత వాననీటితో దిగిపోతుంది. భాస్వరం మాత్రం మట్టిని పట్టుకుని అక్కడే కూర్చుంటుంది. కాబట్టి ఏళ్ల తరబడి ఎరువు వేసిన నేలలో ముందుగా పేరుకునేది అదే.

ఇది మా చేని ఒక్కదాని కథ కాదు. కెనడాలో, అల్బెర్టా రాష్ట్రపు లెత్‌బ్రిడ్జ్ పరిశోధన కేంద్రంలో, మాంసం కోసం పెంచే పశువుల ఎరువుతో 1973లో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. అక్కడ వేల పశువులను ఒకేచోట కట్టి ధాన్యంతో మేపుతారు, ఎరువు కొండల్లా పడుతుంది. దాన్ని వానాధారపు మళ్లలో హెక్టారుకు ఏటా 90 టన్నుల వరకు, నీటిపారుదల మళ్లలో 180 టన్నుల వరకు వేసి చూశారు. ఏళ్లు గడిచేకొద్దీ సేంద్రియ పదార్థం పెరిగింది. దాంతోపాటు భాస్వరం, లవణాలు పేరుకున్నాయి, నత్రజని నైట్రేట్ రూపంలో నేల లోపలి పొరల్లోకి దిగింది. కొన్ని మళ్లలో ఎరువు ఆపేసిన తర్వాత కూడా భాస్వరం చాలా ఏళ్లు తగ్గలేదు. ఆ ఎరువు వేరు, మన ఎరువు వేరు. అక్కడి పశువులు ధాన్యం, ఉప్పు తింటాయి. మన ఎద్దులు, బర్రెలు గడ్డి, చొప్ప తింటాయి, వాటి ఎరువులో సారం తక్కువ, ఉప్పు కూడా తక్కువే. మా చేలో లవణాల అంకె ఇన్నేళ్లలో దాదాపు కదల్లేదు. కానీ భాస్వరం దారి అక్కడా ఇక్కడా ఒకటే.

ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ అనే చోట ఒక బార్లీ చేలో 1852 నుంచి 1871 వరకు ఏటా హెక్టారుకు 35 టన్నుల పశువుల ఎరువు వేసి ఆపేశారు. వందేళ్లు దాటినా ఆ మడి మట్టి పక్క మడి మట్టిలా కాలేదు. ఇది చదివిన రోజు నేను మా చేని గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. నేను దింపే ట్రాలీల ఫలం నా మనవరాలి కాలానికీ ఈ మట్టిలో ఎంతో కొంత ఉంటుందన్న మాట. మంచైనా, చెడైనా.

డీఏపీని ఎకరానికి అర బస్తాకు తగ్గించాను. దిగుబడి తగ్గలేదు.

ఇక సేవ గురించి. 2018లో నాకు జరిగింది దాచను. మే నెల చివర వచ్చిన లోడులో చెయ్యి పెడితే మణికట్టు దాకా వేడి. గడ్డిపోచలు పోచల్లాగే ఉన్నాయి, వాసనకు కళ్లు మండాయి. మాగని ఎరువని తెలిసి కూడా వానలు దగ్గర పడ్డాయన్న తొందరలో చల్లించాను. ఆగస్టులో నాటిన మిరప సెప్టెంబరుకు వడలసాగింది. మొక్క పీకి చూస్తే వేరు కొరికేసి ఉంది, మట్టిలో తెల్లగా వంకీ తిరిగిన వేరుపురుగులు. తుంగ, తుమ్మ మొలకలు వేరే. ఎకరంలో మూడో వంతు పోయింది. అమ్మినతనికి ఫోను చేస్తే మర్నాడు వచ్చాడు. గొంతుక్కూర్చుని తానే రెండు మొక్కలు పీకి, పురుగును అరచేతిలో వేసుకుని చూశాడు.

“కుప్ప తిరగేయకుండా పంపాను టీచరమ్మా, తప్పు నాదే” అన్నాడు.

“ఆ మాట దింపిన రోజు చెప్పి ఉంటే వద్దనేదాన్ని కదా తమ్ముడూ” అన్నాను.

కోపం తగ్గక 2019లో కొనలేదు. 2020లో తానే వచ్చి, కుప్పలు చూడమని తీసుకెళ్లాడు. ప్రతి కుప్పలో ఒక వెదురు కర్ర పాతి ఉంది, దాని మీద ఎర్ర రంగుతో కుప్ప వేసిన నెల, తిరగేసిన ప్రతిసారీ ఒక గీత. మూడు గీతలు లేని కుప్ప కదలదు. ఆ ఏడాది రెండు ట్రాలీలకు డబ్బు తీసుకోలేదు. తప్పు ఒప్పుకున్నవారు చాలామందే ఉంటారు, ఆ తర్వాత పని పద్ధతే మార్చుకున్నవాణ్ని నేను ఇతన్నే చూశాను.

ఇంకా సరిదిద్దుకోవాల్సినవి ఉన్నాయి. ఎరువులో ప్లాస్టిక్ సంచులు, గాజు ముక్కలు వస్తున్నాయి. ఒకసారి పశువులకు వేసే ఇంజెక్షన్ సూది వచ్చింది. చల్లేవాళ్లు చెప్పుల్లేని కాళ్లతో నడుస్తారు, ఇది చిన్న విషయం కాదు. జల్లెడ పట్టించమని మూడేళ్లుగా అడుగుతున్నాను. రెండోది, ట్రాలీవాళ్లు చిన్న చిన్న కుప్పలు పోసి వెళ్లిపోతారు. ఆ కుప్పలను వారం పది రోజులు ఎండలో వదిలేస్తే ఉన్న కాస్త నత్రజని గాలికి పోతుంది. చల్లడానికి మనుషుల్ని కూడా వాళ్లే పంపుతారు, ట్రాలీకి 500 అదనం. ఆ డబ్బు ఇవ్వండి. చల్లిన సాయంత్రమే ఎరువు మట్టిలో కలిసేలా గుంటక తోలించండి.

మూడోది వాగు. ఒక కుప్ప వాగు గట్టుకు మరీ దగ్గరగా ఉండేది. 2022 జూలైలో గోదావరి, ప్రాణహిత పొంగి మా వైపు ఊళ్లను ముంచినప్పుడు అది మొత్తం కొట్టుకుపోయింది. అతనికి పోయింది డబ్బు. కింద ఆ నీళ్లు తాగేవారికి చేరింది ఏమిటో ఆలోచించమని అన్నాను. తర్వాత కుప్పలన్నీ ఎత్తు మీదకు మార్చాడు.

కొనదలచినవారు ఫిబ్రవరిలోనే వెళ్లి కర్ర మీద గీతలు చూసుకుని కుప్ప చెప్పుకోండి, మేలో వెళ్తే మిగిలింది ఇస్తారు. గుప్పెడు తీసి పిసకండి. పేడ వాసన కాకుండా వాన పడిన మట్టి వాసన రావాలి, చేతికి జిగురు అంటకూడదు.

ఈసారి నేను ఎనిమిది ట్రాలీలు చెప్పలేదు, నాలుగే చెప్పాను. భాస్వరం పెరిగిన రెండెకరాలకు ఈ ఏడాది ఎరువు లేదు, వానలకు పచ్చిరొట్ట ఎరువుగా జనుము చల్లి పూతకు రాగానే దున్నేస్తాను. దక్షిణం వైపు చెక్కలో పెళ్లలు ఇంకా గట్టిగానే లేస్తున్నాయి. ఆ నాలుగు ట్రాలీలూ అక్కడికే.