ఆరేళ్లుగా ఈతకు వేసుకుంటున్న వాచీ: 200 మీటర్లంటే ఏమిటో నాకు తెలిసొచ్చిన తీరు

పెళ్లిలో మామగారు పెట్టిన వాచీ వెనక మూత మీద 30 మీటర్లు అని ఉండేది. మా పూల్ లోతు ఐదడుగులే కదా అని దాంతోనే దిగాను. నాలుగో రోజు పొద్దున అద్దం లోపల, ఆరు అంకె పక్కన ఆవగింజంత నీటి చుక్క కనిపించింది. మధ్యాహ్నానికి అద్దమంతా తెల్లగా ఆవిరి పట్టేసింది. ఆ వాచీ మళ్లీ నడవలేదు. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది.

ఆ తర్వాత కొన్నది కాసియో ఎండీవీ-106. డయల్ మీద 200 మీటర్లు అని ఉంటుంది, పక్కనున్న కీని స్క్రూలా తిప్పి బిగించాలి. 44 మిల్లీమీటర్ల కేసు, సన్న మణికట్టుకు పెద్దదే. వారానికి నాలుగు రోజులు పూల్, వీలు చిక్కితే రుషికొండ సముద్రం. నీళ్లలో ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు.

ఐదడుగుల్లో 30 మీటర్ల వాచీ ఎందుకు పోయింది? చేతులు ఆడించే వేగానికి ఒత్తిడి పెరిగిపోతుందని చాలామంది చెబుతారు. లెక్క వేసి చూశాను. చెయ్యి సెకనుకు మూడు మీటర్ల వేగంతో కదిలినా అదనంగా పడేది అర మీటరు నీటి ఒత్తిడే. అసలు విషయం నీళ్లు చొరబడకుండా ఆపే లోపలి రబ్బరు వాషర్లలో ఉంది. 30 మీటర్లు అంటే కొత్త వాషర్లతో, కదలకుండా ఉంచి, కాసేపు మూడు బార్ల ఒత్తిడి, అంటే 30 మీటర్ల లోతు నీళ్లు పెట్టేంత ఒత్తిడి, పెట్టి చూసే పరీక్ష. సబ్బు, వేడినీళ్లు, క్లోరిన్, ఉప్పు, ఏళ్లు గడవడం, ఇవేవీ ఆ అంకెలో లేవు. పైగా ఆ వాచీ కీ స్క్రూలా బిగించేది కాదు, ఊరికే లాగితే బయటికి జరిగేది.

అందుకే నా మాట ఇది: 30 అంటే చేతులు కడుక్కోవడానికి, వానకి. 50తో ఈదొచ్చంటారు, కానీ వాచీ పాతబడితే నేను దిగను. రోజూ ఈదేవాళ్లు 100 నుంచి చూసుకోండి. సిలిండర్‌తో డైవింగ్ చేసేవాళ్లకు అంకె ఒక్కటీ చాలదు, డయల్ మీద ‘డైవర్స్’ అన్న మాట ఉండాలి. ఆ మాట వెనక ఉన్నది డైవింగ్ వాచీల అంతర్జాతీయ ప్రమాణం, ఐఎస్ఓ 6425. దాని ప్రకారం ప్రతి వాచీనీ రాసిన లోతు కంటే 25 శాతం ఎక్కువ ఒత్తిడిలో పరీక్షిస్తారు. నా వాచీకి ఆ మాట లేదు. ఈతకు మాత్రం ఇది పుష్కలం.

మూడో ఏట ఒక కొట్టులో సెల్ మార్పించాను. ఐదు నిమిషాల్లో మూత బిగించి ఇచ్చేశారు. అనుమానం వచ్చి ఇంకో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన వాచీని గోరువెచ్చని పలక మీద, సుమారు 40 డిగ్రీల దగ్గర, కాసేపు ఉంచి అద్దం మీద చల్లటి నీటి బొట్టు వేశాడు. నిమిషం ఆగి తుడిచాడు. సరిగ్గా బొట్టు ఉన్నచోటే లోపలివైపు మసక మచ్చ! లోపల తేమ ఉందన్నమాట. మూత తీస్తే వాషర్ ఒకచోట గాడిలోంచి బయటికొచ్చి నలిగి ఉంది. కొత్తది వేసి, గ్రీజు రాసి, ప్రెజర్ టెస్ట్ చేసి ఇచ్చాడు. సెల్ మార్పించాక అప్పటిదాకా పూల్‌కి వేసుకెళ్లకపోవడం నా అదృష్టం.

సముద్రం నుంచి రాగానే, కీ బిగించి ఉందో లేదో చూసుకుని, కుళాయి నీళ్లతో కడుగుతాను. నీళ్లలో ఉండగా కీ ముట్టను. స్నానానికి తీసేస్తాను.

ఈ మధ్య రెండో సెల్ కూడా అయిపోవచ్చింది. ఈ ఆదివారం అదే మెకానిక్ దగ్గరికి వెళ్తున్నాను. వాషర్ బాగానే ఉందన్నా కొత్తదే వేయించుకుంటాను.