900వ సంచిక ముంగిట: ‘రైల్వే మోడలర్’తో 23 ఏళ్లు

రైళ్ల నమూనాల మీద వచ్చే బ్రిటిష్ మాసపత్రిక ‘రైల్వే మోడలర్’ సెప్టెంబరు సంచిక చదవడం నిన్న రాత్రి పూర్తయింది. దాని సంఖ్య 899. ఇక రావలసింది 2025 అక్టోబరు సంచిక, అంటే 900వది. అట్ట మీద అక్టోబరు అని ఉన్నా సెప్టెంబరులోనే చేతికి వస్తుంది. మేము ఇంగ్లండులోని ఎక్సెటర్ చుట్టుపక్కల ఉండే, రైళ్ల నమూనాలు చేసే ముగ్గురం మోడలర్లం, నెలకోసారి ఎవరో ఒకరి ఇంట్లో కలుస్తాం. ఈ వేసవంతా మా మాటలు ఎక్కడ మొదలైనా ఆ సంచిక దగ్గరికే చేరుతున్నాయి. అది చేతికి రాకముందే, ఇన్నేళ్లుగా ఈ పత్రిక నాకు ఏమిచ్చిందో, ఎక్కడ వెలితి మిగిల్చిందో రాయాలనిపించింది.

ముందు లెక్క చెబుతాను. తొలి సంచిక 1949 అక్టోబరు-నవంబరుకు వచ్చింది, రెండు నెలలకు కలిపి ఒకటి. యుద్ధం ముగిసి నాలుగేళ్లే అయింది, కాగితానికి ఇంకా కటకటగా ఉన్న కాలం. మొదటి నుంచీ నెలనెలా వచ్చి ఉంటే 75 ఏళ్లకు సరిగ్గా 900 సంచికలు అయ్యేవి. నిరుడు అక్టోబరులో 75 ఏళ్లు నిండినప్పుడు చూస్తే సంఖ్య 888 దగ్గరే ఉంది. తొలినాళ్లలో రెండు నెలలకొకటిగా వచ్చినందువల్ల ఆ తేడా ఏర్పడింది. ఈ సంగతి తెలిశాక నాకు ఈ 900 మరింత ప్రియమైంది. 75 ఏళ్ల పండుగను క్యాలెండరే తెచ్చి ఇస్తుంది. 900 మాత్రం ఒక్కొక్కటిగా అచ్చయి, కుట్లు పడి, ఎవరో ఒకరి ఇంటికి చేరిన సంచికల లెక్క.

నేను కొన్న మొదటి సంచిక 2002 అక్టోబరుది, 624వది. ఆసుపత్రి ప్రయోగశాలలో ఉద్యోగానికి ఎక్సెటర్ వచ్చి అప్పటికి మూడు వారాలు. సెయింట్ డేవిడ్స్ స్టేషనులో వాన తగ్గేదాకా నిలబడి, పత్రికల అంగట్లో ముఖచిత్రం చూసి కొన్నాను. నిజం రైలు ఫొటో అనుకున్నాను. గదికి వెళ్లి పేజీలు తిప్పితే అది ఎవరి ఇంట్లోనో బల్ల మీద ఉన్న స్టేషను. రాత్రి రెండింటి దాకా చదువుతూనే ఉన్నాను. అప్పటి నుంచి 899 దాకా మొత్తం 276 సంచికలు నా దగ్గర ఉన్నాయి. ఇల్లు మారినప్పుడు రెండు పోతే, ప్రదర్శనల్లో పాత పత్రికలు అమ్మే బల్లల దగ్గర వెతికి మళ్లీ సంపాదించాను.

ఈ నమూనా రైళ్లను బొమ్మ రైళ్లు అంటే మాలో చాలామందికి మనసు చివుక్కుమంటుంది. బొమ్మకు పోలిక చాలు. నమూనాకు కొలత కావాలి. పట్టాల కింది అడ్డదిమ్మెలైన స్లీపర్ల మధ్య ఎడం, సిగ్నల్ స్తంభం ఎత్తు, గూడ్సు పెట్టె మీద తుప్పు ఏ మూల మొదలవుతుందన్న సంగతి, ఇవన్నీ కొలిచి, చూసి, చేత్తో చేసేవి.

ఈ పత్రికలో నేను ముందుగా తెరిచేది ట్రాక్ ప్లాను. ప్రతి నెలా పట్టాలు, స్టేషను అన్నీ కలిపి కట్టిన ఒక పెద్ద లేఅవుట్‌ను ‘రైల్వే ఆఫ్ ద మంత్’ అనే శీర్షిక కింద వివరంగా వేస్తారు. ఫొటోలు అందరూ చూస్తారు. నాకు మాత్రం పట్టాలను గీతలుగా గీసిన ఆ బొమ్మలోనే అసలు కథ కనిపిస్తుంది. ఏ రైలు ఎటు నుంచి వచ్చి ఏ ప్లాట్‌ఫారం మీద ఆగుతుంది, ఇంజను ఎలా విడిపించుకుని వెనక్కి వెళుతుంది, కనబడని చోట ఎన్ని రైళ్లు దాక్కున్నాయి అని వేలితో జాడ పట్టుకుంటూ పోతాను. మా అమ్మాయి చిన్నప్పుడు నా పక్కన కూర్చుని, “నాన్నా, ఈ నెల ఎవరింటి రైలు?” అని అడిగేది. ఆ ప్రశ్నకు ఈ పత్రికలో ఎప్పుడూ జవాబు దొరుకుతుంది. చాలా వ్యాసాలు ఆ లేఅవుట్ కట్టినవాళ్లు స్వయంగా రాసినవే. ఒకరు ఉపాధ్యాయుడు, ఒకరు విశ్రాంత డ్రైవరు, ఒక చోట ఊరి క్లబ్బు సభ్యులంతా కలిసి రాస్తారు. ‘సగటు అభిమాని కోసం’ అన్న అర్థం వచ్చే మాటను ఒకప్పుడు తన నినాదంగా పెట్టుకున్న పత్రిక ఇది. నా దృష్టిలో దీని బలమంతా ఆ మాటలోనే ఉంది.

ఆ స్వభావాన్ని తీర్చిదిద్దినవాడు సిరిల్ ఫ్రీజర్. 1950 నుంచి 1978 దాకా సంపాదకుడు. నేను పత్రిక మొదలుపెట్టేనాటికి ఆయన ఆ కుర్చీ వదిలి ఇరవై ఏళ్లు దాటింది. అయినా ఆయన దగ్గరే ఎక్కువ నేర్చుకున్నాను. మా పక్కింటి పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ నాలుగు అట్టపెట్టెల పాత సంచికలు నాకు ఇచ్చారు. అందులో 1957 ఏప్రిల్ సంచిక ఉంది. దానిలోనే ఫ్రీజర్ ‘మైనరీస్’ అనే ప్లాను గీశాడు. లండన్ నగరంలోని ఒక వీధి పేరు అది. నాంపల్లిలాగా పట్టాలు అక్కడితో ఆగిపోయే చిన్న పట్టణ స్టేషను. మూడు ప్లాట్‌ఫారాలు, బయటికి రెండు లైన్లు, గొంతులాంటి ఇరుకైన చోట, రైలును ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్లించే కొన్ని పాయింట్లు. వచ్చిన రైలు ఏ ప్లాట్‌ఫారానికైనా వెళ్లగలదు, అక్కడి నుంచి బయటి లైనుకూ రాగలదు. పెట్టెలు ఎస్ ఆకారంలో మెలిక తిరిగే దారులను వీలైనంత తగ్గించాడు. చూడ్డానికి ఇది చిన్న సంగతి. కానీ ఆ మెలికల దగ్గరే పొడవైన పెట్టెల కొసల్లో ఉండే తాకుడు దిమ్మెలు, అంటే బఫర్లు, ఒకదానికొకటి చిక్కుకుని రైలు పట్టాలు తప్పుతుంది. నేను సొంత తెలివితో గీసుకున్న మొదటి స్టేషనులో రోజూ జరిగింది అదే. దాన్ని విప్పేసి మైనరీస్ పద్ధతిలో మళ్లీ వేశాక, ఒక సాయంత్రమంతా రైళ్లు ఎక్కడా ఆగకుండా నడిచాయి. లోపలికి తెచ్చిన ఇంజను బందీగా నిలబడితే, ఇంకో ఇంజను అవతలి చివర తగులుకుని రైలును తీసుకుపోతుంది. అప్పుడు మొదటిది విడుదలవుతుంది. ఆ ఆట ఎంతసేపైనా విసుగు పుట్టదు. అప్పటికే యాభై ఏళ్లు నిండిన బొమ్మ నా షెడ్డులో ప్రాణం పోసుకుంది.

చేతిపని నేర్పే వ్యాసాల విలువ చదివితే తెలియదు, చేస్తేనే తెలుస్తుంది. కంకర పోయడమే చూడండి. సన్నటి రాతిపొడిని స్లీపర్ల మధ్య పోసి, మెత్తటి కుంచెతో సర్ది, పట్టాల పక్కలకు అంటుకున్న రేణువులను దులపాలి. తర్వాత నీళ్లలో గిన్నెల సబ్బు ఒక్క చుక్క కలిపి పొగమంచులా చల్లాలి. సబ్బు లేకపోతే నీరు కంకరలోకి దిగకుండా పూసల్లా పైనే నిలుస్తుంది. ఆ తడి మీద, సగం నీళ్లు కలిపిన చెక్క జిగురును డ్రాపరుతో స్లీపరు చివర ముట్టించాలి. జిగురు తనంతట తాను పాకుతూ లోపలికి పోతుంది, కంకర రంగు ఒక్క క్షణం నల్లబడుతుంది. పాయింటు దగ్గర మాత్రం కదిలే పట్టా కిందికి చుక్క కూడా పోకూడదు. ఈ చివరి వాక్యం వ్యాసంలో ఉంది, నేనే తొందరపడి దాటేశాను. తెల్లారేసరికి పాయింటు రాయిలా బిగుసుకుంది, పీకి పారేయవలసి వచ్చింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో ఏ వ్యాసాన్నీ చివరి వాక్యం దాకా చదవకుండా పని మొదలుపెట్టలేదు.

నాకు తీరని వెలితి కొలతల దగ్గర. నేను పెరిగింది గుంతకల్లులో. మద్రాసు-బొంబాయి బ్రాడ్ గేజ్ లైను, దాని పక్కనే మీటర్ గేజ్, దాని మీద నడిచే వైపీ రకం ఆవిరి ఇంజన్ల కూత, ఇవి నా చిన్నతనం. పత్రికలో ఎక్కువ పేజీలు ఓఓ కొలతవి: అసలు అడుగుకు నమూనాలో నాలుగు మిల్లీమీటర్లు, పట్టాల మధ్య 16.5 మి.మీ. బ్రిటిష్ గేజ్, అంటే అసలు పట్టాల మధ్య ఎడం, 1,435 మి.మీ.కే ఈ కొలతలో 18.83 మి.మీ. ఉండాలి. అంటే ఇంగ్లండు రైళ్లే అక్కడ కొంచెం ఇరుకు పట్టాల మీద నడుస్తున్నాయి. ఇక మన 1,676 మి.మీ. బ్రాడ్ గేజ్‌కు 22 మి.మీ. కావాలి. పెన్సిలు పట్టుకుని కూర్చుంటే ఒక చిత్రం తేలింది. నూరో వంతు కొలత తీసుకుంటే 16.5 మి.మీ. పట్టాలు 1,650 మి.మీ.కు సమానం, మన బ్రాడ్ గేజ్‌కు వెంట్రుకవాసి దూరం. కానీ ఆ కొలతలో మన పెట్టెలు, ఇంజన్లు కొందామన్నా దొరకవు. చివరికి మా గుంతకల్లును నమూనాగా కట్టడానికి 87వ వంతు ఎంచుకున్నాను. 12 మి.మీ. పట్టాలు అంగట్లో దొరుకుతాయి, మీటర్ గేజ్‌కు అవి దాదాపు సరిపోతాయి. పక్కనే ఉండవలసిన బ్రాడ్ గేజ్‌ను 19.25 మి.మీ. ఎడంతో స్లీపరు స్లీపరుకూ టంకం వేస్తూ చేత్తో కడుతున్నాను. ఈ లెక్కలేవీ పత్రికలో నాకు సిద్ధంగా దొరకలేదు. కానీ ఇలా లెక్క వేయాలన్న అలవాటు మాత్రం దాని నుంచే వచ్చింది. ఇతర దేశాల రైళ్ల కోసం ఈ పత్రికను ప్రచురించే సంస్థే 1979 నుంచి ‘కాంటినెంటల్ మోడలర్’ నడుపుతోంది. భారతదేశపు రైళ్ల మీద ఆసక్తి ఉన్నవాళ్లు రెండూ చూడాలి.

ఇంకో రెండు మాటలు నిష్ఠూరంగా ఉన్నా చెప్పాలి. కొత్త నమూనాల సమీక్షలు నాకు మరీ మెత్తగా తోస్తాయి. కొలతలు సరిపోయాయా, రంగు కుదిరిందా అన్నది బాగా చూస్తారు. ఆరు నెలలు నడిపాక గేర్లు ఎలా ఉన్నాయన్నది నాకు కావాలి. అలాగే పాత బ్రిటిష్ రైలు కంపెనీ గ్రేట్ వెస్టర్న్ వారి పల్లెటూరి బ్రాంచి లైన్ల నమూనాలు, ఎంత అందంగా ఉన్నా, నా లెక్కలో కొంచెం ఎక్కువే.

1949 నుంచి ఉన్న సంచికలన్నీ ఇప్పుడు డిజిటల్ భండారంలో దొరుకుతాయి. పాత వ్యాసం వెతకడానికి దానికి మించింది లేదు. కానీ ప్లానును ఫోను తెరమీద చూస్తే ఏనుగును తాళం కన్నంలోంచి చూసినట్లే. నేను కాగితం చందా ఆపను.

పత్రికను ప్రచురించే పెకో సంస్థ మా ఊరికి దగ్గరలోనే, బీర్ అనే సముద్రతీరపు పల్లెలో ఉంది. ఆ పేరుకూ పానీయానికీ సంబంధం లేదు, చెట్లతోపు అనే పాత ఇంగ్లీషు మాట నుంచి వచ్చింది. సిడ్నీ ప్రిచర్డ్ 1946లో మొదలుపెట్టిన ఆ సంస్థ పట్టాలు చేస్తుంది. అక్కడి తోటలో ఏడుంపావు అంగుళాల గేజ్ మీద ఆవిరి ఇంజను మనుషులను ఎక్కించుకుని తిరుగుతుంది. మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు మొదటిసారి తీసుకెళ్లాను. కొండ మలుపు దగ్గర సముద్రం కనబడగానే నా చెయ్యి వదిలేసి ఇంజను వైపే చూస్తూ కూర్చుంది.

700వ సంచిక 2009 ఫిబ్రవరిది. అది వచ్చేసరికి నా షెడ్డుకు ఇంకా పైకప్పు లేదు. 800వది 2017 జూన్‌ది. దాన్ని తెరిచే వేళకు మైనరీస్ స్టేషను నడుస్తోంది. 900వ దానిలో నాకు కావలసింది గతాన్ని పొగిడే పేజీలు కావు. ఇంతవరకు ఎవరూ వినని పేరున్న ఒక మనిషి, ఇరుకు గదిలో కట్టిన ఒక లేఅవుట్, దాని ప్లాను, అది కట్టేటప్పుడు ఎక్కడ తప్పు చేశారో దాపరికం లేకుండా రాసిన వ్యాసం. అది ఒక్కటి ఉంటే చాలు.

మేము ముగ్గురం ఒక మాట అనుకున్నాం. ఎవరి ప్రతి ముందుగా వచ్చినా కవరు చించకుండా శనివారం మా షెడ్డుకు తేవాలి. నా నమూనా గుంతకల్లులో రెండు గేజ్‌లు పక్కపక్కనే నడిచే చోట మూడు అడుగుల పట్టా ఇంకా వేయకుండా ఉంచాను. ఆ ఖాళీ చెక్క మీదే సంచికను పరిచి, ప్లాను పేజీ దగ్గర తెరుస్తాం.