అందరికీ చోటున్న యూదు సమాజం: రబ్బీ నడిపితే మేలా, సభ్యులే నడుపుకుంటే మేలా?

నలుగురు యూదులు కలిసి ఒక కొత్త ప్రార్థనా సమాజం పెట్టుకుందామని కూర్చుంటే తొలి సమావేశాల్లోనే ఒక ప్రశ్న లేస్తుంది. జీతమిచ్చి రబ్బీని, అంటే యూదు మతగురువును, తెచ్చుకుందామా, మనమే వంతులు వేసుకుని నడుపుకుందామా? ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా చోటు, స్వలింగ జంటలకు, వేరే మతం వాళ్లను పెళ్లాడిన వాళ్లకు, కొత్తగా యూదు మతంలోకి వచ్చిన వాళ్లకు, హీబ్రూ అక్షరం ముక్క రాని వాళ్లకు కూడా చోటు ఉండాలని కోరుకునే సమాజమైతే ఈ ప్రశ్న ఇంకా బరువెక్కుతుంది. తలుపు దగ్గర నిలబడి 'లోపలికి రండి' అనే మనిషి ఎవరన్న దాన్ని బట్టే లోపలికి ఎవరొస్తారన్నది తేలుతుంది. నా మొగ్గు సభ్యుల వైపే. కానీ సభ్యుల చేతిలో ఉంటే చాలు, అన్నీ అవే సర్దుకుంటాయని మాత్రం అనను.

ముందు ఒక సంగతి తెలిస్తే మిగతా చర్చ తేలికవుతుంది. మన గుడిలో అర్చకుడు రాకపోతే పూజ ఆగిపోతుంది. యూదుల ప్రార్థనకు అలాంటి నియమం లేదు. వయసొచ్చిన వాళ్లు పదిమంది కూడితే చాలు, పూర్తి ప్రార్థన జరుపుకోవచ్చు. చనిపోయిన వాళ్ల కోసం చదివే కద్దీష్‌కూ ఆ పదిమందే కావాలి. ఆ పదిమందీ మగవాళ్లే కావాలని యూదుల్లోని సనాతన (ఆర్థడాక్స్) సంప్రదాయం అంటుంది, ఆడవాళ్లనూ లెక్కలో వేసుకోవాలని ఉదార శాఖలు అంటాయి. ముందు నిలబడి ప్రార్థన చెప్పించే మనిషి డాక్టరు కావచ్చు, ప్లంబరు కావచ్చు. రబ్బీ అంటే ప్రధానంగా గురువు, ధర్మశాస్త్రం తెలిసిన పండితుడు. కాబట్టి రబ్బీ లేని సమాజాన్ని లోటున్న సమాజమని చూడనక్కర్లేదు, శాస్త్రం దాన్ని పూర్తిగా ఒప్పుకుంటుంది.

అమెరికాలో ఈ పద్ధతికి కొత్త ఊపిరి పోసింది 1960ల చివరి కుర్రకారు. 1968లో మసాచుసెట్స్‌లో మొదలైన హవురాత్ షాలోమ్ అనే సమాజం పెద్ద పెద్ద మందిరాల్లోని వేదిక, మైకు, వరుస కుర్చీలు వద్దనుకుంది. అందరూ గుండ్రంగా కూర్చుని ప్రార్థించారు, కలిసి చదువుకున్నారు. ఆ దారిలోనే 2001లో న్యూయార్క్ మన్‌హాటన్‌లో కెహిలాత్ హదార్ అనే సమాజం పుట్టింది. ముగ్గురు స్నేహితులు కలిసి మొదలుపెట్టారు. ఆడా మగా సమానం, ప్రార్థన మాత్రం సంప్రదాయం ప్రకారం పూర్తిగా హీబ్రూలో. జీతం తీసుకునే రబ్బీ లేరు, వారం వారం సభ్యులే వంతులు వేసుకుని నడిపారు. ఆ తర్వాతి పదేళ్లలో ఇలాంటివి అమెరికా నగరాల్లో చాలా చోట్ల వచ్చాయి.

ఇలాంటి చోట పని ఎలా సాగుతుందో తెలియాలంటే శనివారం పొద్దున యూదుల పవిత్ర గ్రంథం తోరా చదివే బల్ల దగ్గరికి వెళ్లి చూడాలి. తోలు చుట్ట మీద చేతితో రాసిన అక్షరాలు. అచ్చులకు గుర్తులు ఉండవు, వాక్యం ఎక్కడ ఆగుతుందో చెప్పే చుక్క ఉండదు, ఏ రాగంలో పాడాలో చెప్పే సంకేతమూ ఉండదు. చదివే మనిషి అవన్నీ అచ్చువేసిన పుస్తకంలో చూసి, రోజుల తరబడి సాధన చేసి, కంఠతా పట్టి రావాలి. చుట్టను వేలితో తాకకూడదు కాబట్టి కొసన చిన్న చెయ్యి ఆకారం ఉన్న వెండి పుల్లతో ఒక్కో మాట చూపిస్తూ చదువుతారు. అటూ ఇటూ ఇద్దరు పుస్తకం పట్టుకుని నిలబడతారు. అర్థం మారేలా ఒక అచ్చు తప్పు పలికినా అక్కడికక్కడే సరిచేస్తారు, చదివే మనిషి ఆ మాట మళ్లీ చదవాలి. శనివారం పొద్దున కనీసం ఏడుగురిని వంతుగా బల్ల దగ్గరికి పిలుస్తారు.

రబ్బీ లేని చోట ఈ పనులన్నీ సభ్యులవే. చదివేవాళ్లు, పక్కన నిలబడేవాళ్లు, ప్రార్థన నడిపేవాళ్లు, ఆ వారం పాఠం మీద పది నిమిషాలు మాట్లాడేవాళ్లు. ఏడాది తిరిగేసరికి నలభై యాభై మందికి ఏదో ఒక పని చేతనవుతుంది. నిన్నటిదాకా వెనక వరుసలో కూర్చున్న అమ్మాయి ఇవాళ బల్ల దగ్గర నిలబడి చదువుతుంది. చోటివ్వడమంటే కుర్చీ చూపించి కూర్చోబెట్టడంతో సరిపోదు, వెండి పుల్ల చేతికివ్వాలి. నన్ను సభ్యుల వైపు మొగ్గేలా చేసింది అదే.

ఇక్కడే ఈ పద్ధతిలోని లోపమూ ఉంది. దాన్ని దాచి పొగడటం న్యాయం కాదు. ఇంత కష్టమైన పని ఎవరికి వస్తుంది? చిన్నప్పటి నుంచి యూదు బడిలో చదివిన వాళ్లకు, హీబ్రూ వేసవి శిబిరాలకు వెళ్లిన వాళ్లకు. వంతులు ఇస్తామంటే చేతులెత్తేది వాళ్లే. తండ్రి ఒక్కడే యూదుడైన ఇంట్లో పెరిగి, ముప్పై ఏళ్లకు మొదటిసారి లోపలికొచ్చిన మనిషికి ఏ పేజీలో ఉన్నారో చెప్పే దిక్కు ఉండదు. 'అందరూ సమానమే' అన్న మాట నిజమే, కానీ తెలిసిన వాళ్లు తెలియకుండానే ఒక కంచె కట్టేస్తారు. రబ్బీ ఉన్న చోట పేజీ నంబరు చెప్పడం, రెండు ముక్కల్లో అర్థం విప్పడం ఆ రబ్బీ పనిలో భాగం. సభ్యులే నడిపే చోట ఆ పని ఎవరిదీ కాదు.

అలసట ఇంకొక బాధ. గురువారం రాత్రి 'శనివారం మూడో భాగం చదవడానికి ఎవరైనా ఉన్నారా' అని వచ్చే సందేశానికి ఎప్పుడూ జవాబిచ్చేది ఆ నలుగురే. పైగా పెద్ద నగరాల్లో ఇవి ఇరవైల్లో ముప్పైల్లో ఉన్న వాళ్లతో నిండి ఉంటాయి. పెళ్లయి పిల్లలు పుడితే ఊరు మారతారు, నేర్చుకున్నది వాళ్లతోనే వెళ్లిపోతుంది.

ఇక రబ్బీ నడిపే వైపు. న్యూయార్క్‌లోని ప్రార్థనా మందిరం సెంట్రల్ సినగాగ్‌కు 2014 నుంచి ఏంజెలా బుక్‌డాల్ పెద్ద రబ్బీ. సియోల్‌లో పుట్టారు, తల్లి కొరియన్ బౌద్ధురాలు, తండ్రి అమెరికన్ యూదుడు. ప్రార్థనా గీతాలు నడిపే కాంటర్‌గా 1999లో, రబ్బీగా 2001లో పట్టా పొందారు. అంత పేరున్న మందిరం వేదిక మీద ఆ ముఖం కనిపించిందంటే, ఆసియా మూలాలున్న యూదు పిల్లలకు వేరే ప్రసంగం అక్కర్లేదు. లాస్ ఏంజెలెస్‌లో షారన్ బ్రౌస్ 2004లో మొదలుపెట్టిన ఇకార్ సమాజం దారి మరొకటి. మందిరాలకు దూరమైపోయిన యువతను ప్రార్థన, సామాజిక న్యాయం కలిపి వెనక్కి పిలిచింది. కొందరికి నడిపించే గొంతు ఒకటి కావాలి, దాన్ని తప్పు పట్టలేం.

రబ్బీ వల్లే అయ్యే పనులూ ఉన్నాయి. మతంలోకి కొత్తగా వచ్చే మనిషిని స్వీకరించడానికి ముగ్గురు కూర్చున్న మత న్యాయస్థానం కావాలి. శాస్త్రం ముగ్గురూ రబ్బీలే కావాలనకపోయినా, రబ్బీలు లేకుండా జరిగినదాన్ని బయటి సమాజాలు చాలావరకు ఒప్పుకోవు. పెళ్లి, చావు, విడాకులు, ఆసుపత్రి మంచం పక్కన కూర్చోవడం లాంటివి వంతుల పట్టికలో పట్టవు. వంతులతో నడిచే సమాజం శనివారానికి ఎంత గట్టిదైనా మంగళవారం అర్ధరాత్రి ఫోనుకు బలహీనమే.

ఆ సంగతి ఎక్కువ బాధపడి తెలుసుకున్నది న్యూయార్క్‌లోని బేత్ సిమ్హాత్ తోరా అనే సమాజం. ఈ పోలికంతటిలో నాకు బాగా ఆనే ఉదాహరణ అదే. 1973లో చెల్సీలోని హోలీ అపాసల్స్ చర్చిలో కొద్దిమంది స్వలింగ యూదులు శుక్రవారం ప్రార్థనకు కూడారు. తమను ఉన్నది ఉన్నట్టుగా రానిచ్చే మందిరం దాదాపు లేని రోజులు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు దగ్గరగా రబ్బీ లేకుండానే సభ్యులు నడుపుకున్నారు. తమ ప్రార్థనా పుస్తకాన్ని తామే కూర్చుకున్నారు. అంతలో ఎయిడ్స్ వచ్చింది. పాటలు పాడిన వాళ్లు, వంతులు నడిపిన వాళ్లు ఒకరి తర్వాత ఒకరు రాలిపోయారు. మిత్రులను పాతిపెట్టి వచ్చిన వాళ్లే మళ్లీ నిలబడి ఓదార్పు మాటలు చెప్పాలంటే ఎలా? 1992లో షారన్ క్లైన్‌బామ్‌ను తమ మొదటి రబ్బీగా తెచ్చుకున్నారు. మొదటి ఏళ్లలో ఆమె పని చాలావరకు ఆసుపత్రుల్లో, శ్మశానాల్లో సాగింది. 2016లో ఆ సమాజం సొంత గూటికి చేరింది. 2024లో ఆమె తప్పుకున్నాక జేసన్ క్లైన్ ఆ బాధ్యత తీసుకున్నారు.

ముందు సభ్యులు నేర్చుకున్నారు, తర్వాత రబ్బీ వచ్చారు. ఈ వరుసే నాకు ముఖ్యం. అప్పటికే ప్రార్థన ఎలా నడపాలో, పుస్తకం ఎలా కూర్చాలో తెలిసిన వాళ్లు కాబట్టి, వచ్చిన రబ్బీ వాళ్లకు తోడైంది. మొదటి రోజు నుంచీ రబ్బీ చుట్టూ అల్లుకున్న సమాజంలో ఆ రబ్బీ వెళ్లిపోయిన రోజున జనం కూడా చెదిరిపోయే ప్రమాదం ఎక్కువ. ఇంకొకటీ ఉంది. జీతం ఇచ్చేది పాలకవర్గం. పెద్ద చందాలిచ్చే వాళ్లకు నచ్చని జంటకు పెళ్లి చేస్తానన్న రబ్బీ వెనక సభ్యులు నిలబడకపోతే, ఆ ధైర్యం ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఆడవాళ్ల విషయంలో చరిత్ర మరీ స్పష్టంగా మాట్లాడుతుంది. రెజీనా యోనాస్ జర్మనీలో 1935లో రబ్బీ పట్టా పొందిన తొలి మహిళ, 1944లో నాజీల మృత్యు శిబిరమైన ఆష్‌విట్జ్‌లో ఆమెను చంపేశారు. అమెరికాలో శాలీ ప్రీసాండ్ వచ్చేసరికి 1972. కానీ పట్టాతో పని లేని దారిలో ఆడవాళ్లు అంతకు ముందే నడిచారు. లండన్‌లో లిలీ మాంటెగ్యూ 1902లోనే జ్యూయిష్ రిలీజియస్ యూనియన్ అనే ఉదార యూదు సమాజం పెట్టించారు. ఆమె పరిచయం, ప్రోత్సాహంతో బొంబాయిలో 1925లో అదే పేరుతో సమాజం మొదలైంది. దాన్ని ముందుండి నడిపింది కొంకణ తీరపు యూదులైన బేనే ఇజ్రాయెల్ సమాజానికి చెందిన డాక్టర్ జెరూషా ఝిరాద్. కామా ఆసుపత్రికి అధిపతిగా పనిచేసిన ప్రసూతి వైద్యురాలు, 1966లో పద్మశ్రీ అందుకున్నారు. యోనాస్ పట్టాకు పదేళ్ల ముందే బొంబాయిలో ఒక స్త్రీ ప్రార్థనా సమాజానికి నాయకురాలు. పట్టా కోసం కూర్చుంటే ఆ పదేళ్లూ పోయేవి.

నిజానికి మన దేశపు యూదులు తరతరాలుగా రబ్బీలు లేకుండానే నెట్టుకొచ్చారు. ఢిల్లీ హుమాయూన్ రోడ్డులో 1956లో కట్టిన జూడా హయామ్ మందిరాన్ని ఎజెకీల్ ఐజాక్ మాలేకర్ దశాబ్దాలుగా జీతం లేకుండా చూసుకుంటూ వచ్చారు. వృత్తికి లాయరు. స్థానిక యూదు కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే, మిగతాది రాయబార కార్యాలయాల వాళ్లూ ప్రయాణికులూ. అక్కడ ఆడా మగా కలిసే కూర్చుంటారు, పదిమంది లెక్కలో ఆడవాళ్లూ ఉంటారు. అనుమతి అడగాల్సిన పై గద్దె ఏదీ లేకపోవడం వల్లే ఇంత తేలిగ్గా జరిగింది. అయితే ఒక్క మనిషి మీద ఇంత భారం పడటం నాకు దిగులు పుట్టిస్తుంది. సభ్యులు నడిపే సమాజమంటే ఒక్క సభ్యుడు నడిపేది కాకూడదు కదా.

జీతం రబ్బీకీ వంతుల పట్టికకూ మధ్య మూడో దారి ఒకటుంది. 2006లో కాలిఫోర్నియాలో మొదలైన మొయిషే హౌస్ పద్ధతిలో కొందరు యువతీయువకులు ఒకే ఇంట్లో ఉంటూ, అద్దెలో సాయం తీసుకుని, బదులుగా ఇంట్లో విందులు, కార్యక్రమాలు పెడతారు. మొహమాటం లేకుండా మొదటి అడుగు వేయడానికి చాలా మంచి చోటు. కానీ అది యువత కోసమే కట్టిన ఏర్పాటు. వృద్ధులకు, పసిపిల్లల తల్లిదండ్రులకు, కద్దీష్ చెప్పుకోవాల్సిన వాళ్లకు అది సరిపోదు.

ఇరవై ముప్పైమందితో మొదలుపెడుతున్న వాళ్లు రబ్బీ జీతం కోసం చందాల వేటలో పడొద్దనే అంటాను. ఆ డబ్బులో కొంత పెట్టి చదవడం నేర్పే గురువును పెట్టుకోండి. తోరా బల్ల దగ్గర ప్రతి నెలా ఒక కొత్త మనిషికి వంతు ఇవ్వండి, పేజీ నంబరు చెప్పే పని ఒకరికి పేరు పెట్టి అప్పజెప్పండి. వంతులు చూసే వాళ్లను రెండేళ్లకోసారి మార్చండి. చావులు, పెళ్లిళ్లు, మతంలోకి వచ్చే వాళ్ల చదువు పెరిగి సభ్యులు ఊపిరాడక ఉన్నప్పుడు రబ్బీని పిలవండి. అప్పుడు కూడా బల్ల దగ్గరి పని రబ్బీకి పూర్తిగా అప్పగించేయకండి.

మన గుంటూరు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బేనే ఎఫ్రాయిమ్ అనే చిన్న తెలుగు యూదు సమాజం ఉంది. యాకోబీ సోదరుల చొరవతో రూపుదిద్దుకుంది, విదేశాల నుంచి రబ్బీలు, అధ్యాపకులు అప్పుడప్పుడు వచ్చి చూసి వెళ్తుంటారు. వాళ్లను యూదులుగా ఒప్పుకోవాలా వద్దా అన్నది దూరదేశపు రబ్బీల చేతిలో ఉన్న మాట. అంతకన్నా పాత సమాజమైన బేనే ఇజ్రాయెల్‌కు కూడా పెళ్లిళ్ల విషయంలో పూర్తి గుర్తింపు ఇజ్రాయెల్‌లో 1964 దాకా పోరాడితే గానీ దక్కలేదు. ఆ పనికి రబ్బీలు కావాల్సిందే, ఎంత నేర్చిన సభ్యులైనా చేయలేరు. కానీ ఆ ఊళ్లో వచ్చే శనివారం ప్రార్థన ఎవరు నడుపుతారన్నది ఎవరి ఒప్పుదలకూ ఆగనక్కర్లేదు. ఒక్క కుటుంబం మీదే భారం పడకుండా, ఊళ్లోనే నలుగురైదుగురు అమ్మాయిలు, అబ్బాయిలు చుట్ట విప్పి తడబడకుండా చదవగలిగేలా నేర్పే గురువు ఒకరు ఏడాదిపాటు అక్కడ ఉండగలిగితే, ఏటా వచ్చిపోయే పదిమంది అతిథుల కన్నా ఆ సమాజానికి ఎక్కువ మేలు జరుగుతుంది.